ఒంగోలు నుంచి నెల్లూరు మారాలా వద్దా: ఇల్లు కదిలించే ముందు ఎలా తూకం వేసుకోవాలి

సంక్రాంతికి చూసి ఏ ఊరికీ మారకండి. జనవరిలో మన కోస్తాలో ఏ ఊరైనా బాగానే ఉంటుంది. వానలు వెళ్లిపోయి ఉంటాయి, చెరువులు నిండుగా ఉంటాయి, ఫ్యాన్ లేకపోయినా నిద్ర పడుతుంది. చుట్టాలు చేపల పులుసు పెట్టి "ఇక్కడికే వచ్చేయండి" అంటారు. మేమూ అలాగే పడ్డాం. 2021 ఫిబ్రవరిలో నెల్లూరు వచ్చి ఇల్లు చూసుకున్నాం, శ్రావణం రాగానే ఆగస్టులో ఒంగోలు నుంచి సామాన్లు తెచ్చి దించాం. నవంబరు మూడో వారంలో సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, పెన్నా పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మా హాల్లో చీలమండ లోతు నీళ్లు. ఇల్లు చూపించిన రోజు ఓనరు "ఈ వీధిలోకి చుక్క రాదు సార్" అన్నాడు. నీళ్లు దిగాక పక్కింటి పెద్దావిడ గడప కడుగుతూ "2015లో కూడా ఇట్టానే వచ్చినాయి గదబ్బయ్యా, ఆయన చెప్పలా?" అని అడిగింది.

నెల్లూరు వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. మేము ఇప్పటికీ ఇక్కడే ఉన్నాం, వీధి మాత్రం మారాం. చూడాల్సిన నెలలో ఊరు చూసి, అడగాల్సిన మనిషిని అడిగి ఉంటే ఆ రెండో మారడం తప్పేది. ఒంగోలు, కావలి, కందుకూరు, నెల్లూరు, ఈ వరసలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలనుకున్నా కింద రాసింది పనికొస్తుంది.

ఎందుకు వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

ఒక కాగితం తీసుకుని రాయండి, మనసులో అనుకుంటే చాలదు. నేను "పిల్లల చదువు కోసం" అని రాశాను. మా ఆవిడ చదివి, "పిల్లల చదువా, మీ అన్నయ్యతో గొడవా?" అంది. రెండూ ఉన్నాయి. గొడవ కోసం ఊరు మారడం తప్పేమీ కాదు. కానీ అప్పుడు లెక్క వేరు. అన్నయ్యకు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నా సరిపోతుంది, 120 అక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్లేవాళ్లకు ఈ బాధ లేదు, ఊరు ఎలాగూ ఖాయం. వాళ్లు వీధి ఎంచుకోవడం దగ్గర మొదలుపెట్టవచ్చు.

మీ పనులు చెన్నై వైపా, విజయవాడ వైపా?

ఈ ఊళ్లన్నీ 16వ నంబరు హైవే వెంటా, మద్రాసు రైలు మార్గం వెంటా దండలా ఉంటాయి. ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు. ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు 120 కిలోమీటర్లు, మధ్యలో కావలి. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175. ఒంగోలులో ఉన్నవాడికి పెద్ద జబ్బు చేస్తే గుంటూరో విజయవాడో గుర్తొస్తుంది, నెల్లూరువాడికి చెన్నై గుర్తొస్తుంది. పెళ్లి బట్టలూ అంతే. మీ అక్కచెల్లెళ్లు, డాక్టరు, ఆఫీసు హెడ్ క్వార్టర్స్ అన్నీ గుంటూరు వైపు ఉంటే నెల్లూరు మారాక ప్రతి ప్రయాణానికీ రెండు గంటలు అదనం. అటూ ఇటూ సమానంగా ఉన్నవాళ్లకు కావలి మంచి రాజీ. అక్కడ హైవే ఉంది, రైలు ఉంది, నెల్లూరుతో పోలిస్తే హడావుడి తక్కువ.

కందుకూరు విషయంలో ఒక్క మాట. ఊరు బాగుంటుంది, కానీ రైలు లేదు. స్టేషన్ అంటే సింగరాయకొండే. రాత్రి రైలు దిగి ఇంటికి చేరడం ఎలాగో ముందే ఆలోచించుకోండి.

జిల్లా హద్దుల సంగతీ చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్లింది, చీరాల బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతికి వెళ్లాయి. తర్వాత కూడా మార్పులు జరిగాయి. మీరు వెళ్లే మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అక్కడి గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగాకే అర్జీలు రాయండి, పాత గూగుల్ మ్యాప్ చూసి రాయకండి.

మూడుసార్లు వెళ్లి చూడండి

ఒకసారి వానల్లో, ఒకసారి ఎండల్లో, ఒకసారి ఏ పండగా లేని మంగళవారం నాడు.

ముందు వాన. నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది, ఈశాన్య రుతుపవనాల్లో. తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. వాళ్లకు వానాకాలం అయిపోయాక ఇక్కడ మొదలవుతుంది. తుపానులూ అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందే నెల్లూరు వీధులు నీళ్లలో ఉన్నాయి. అందుకని కార్తీకంలో, బాగా వాన పడిన మర్నాడు పొద్దున వెళ్లండి. మధ్యాహ్నానికి వీధి ఆరిపోతే ఆనవాళ్లు కనబడవు. గోడల మీద మట్టి గీత ఎంత ఎత్తులో ఉందో చూడండి. కొత్తగా రంగు వేసిన గోడ అయితే పక్కింటి గోడ చూడండి. ఇళ్ల ముందు మెట్లు లెక్కపెట్టండి. వీధి మొత్తంలో పాత ఇళ్లకు నాలుగైదు మెట్లు ఉండి, మీరు చూసే ఇంటికి ఒక్కటే ఉంటే ఆ వీధివాళ్లకు తెలిసింది ఏదో మీకు తెలియదన్నమాట.

అడగాల్సింది ఓనర్ని కాదు, బ్రోకర్ని అసలే కాదు. ఇస్త్రీ బండి ఆయనను, పాలు పోసే మనిషిని, కిరాణా కొట్టులో కూర్చునే పెద్దాయనను అడగండి. "ఇక్కడ నీళ్లు వస్తాయా" అని అడిగితే "రావు" అనేస్తారు, ఊరి పరువు కదా. "2021లో నీళ్లు ఎందాకా వచ్చాయి?" అని అడగండి. అప్పుడు చెయ్యి పెట్టి చూపిస్తారు. ఒంగోలులో అయితే 2010 మేలో వచ్చిన లైలా తుపాను గురించి అడగండి, అప్పుడు ఏయే కాలనీలు మునిగాయో పాతవాళ్లకు బాగా గుర్తు.

రెండోది ఎండ. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో గంటసేపు కూర్చోండి. సముద్రం దగ్గర కదా, చల్లగా ఉంటుందని లోపలి జిల్లాలవాళ్లు అనుకుంటారు. సముద్రపు గాలి తిరిగిన రోజు సాయంత్రం ప్రాణం లేచి వస్తుంది, నిజమే. కానీ మే నెలలో పడమటి గాలి గట్టిగా వీచిన రోజు సముద్రపు గాలి లోపలికి రాదు. ఆ రోజుల్లో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. గాలి తిరిగాక వేడి తగ్గినా ఉక్కపోత మిగులుతుంది. అద్దె తక్కువని పై అంతస్తు తీసుకుంటే రాత్రి 11 దాకా శ్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. ఏసీ బిల్లుతో అద్దెలో మిగిలింది పోతుంది. పడమర వైపు పడకగది, పైన శ్లాబు, రెండూ కలిసిన ఇల్లు వద్దని నేను ఖాయంగా చెబుతాను, వాస్తు ఎంత బాగున్నా సరే.

మూడోసారి మామూలు మంగళవారం. పొద్దున 8 గంటలకు ఆ ఇంటి దగ్గర నిలబడి, స్కూలుకు, ఆఫీసుకు, కూరగాయలకు మీరు వెళ్లే దారిలో నిజంగా వెళ్లండి. రైల్వే గేటు, అండర్ బ్రిడ్జి దారిలో ఉన్నాయా? నెల్లూరులో రైలు పట్టాలు ఊరి మధ్య నుంచి వెళ్తాయి. పట్టాలకు ఒకవైపు ఇల్లు, రెండోవైపు స్కూలు అయితే వాన రోజున అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచి పది నిమిషాల దారి ముప్పావు గంట అవుతుంది. సాయంత్రం ఆరున్నరకు బయట అరగంట నిలబడటం కూడా పెట్టుకోండి. నెల్లూరు దోమల గురించి విన్నది అతిశయోక్తి అనుకునేవాళ్లకు ఆ అరగంట చాలు.

నీళ్ల సంగతి విడిగా తేల్చుకోండి

ఇంటికి నీళ్లు మూడు రకాలుగా వస్తాయి: మున్సిపల్ కుళాయి, బోరు, క్యాను. మూడింటికీ వేర్వేరు ప్రశ్నలు.

కుళాయి గురించి "నీళ్లు వస్తాయా" అని కాదు, "ఎన్ని రోజులకోసారి, ఎన్నింటికి, ఎంతసేపు" అని అడగండి. ఒంగోలుకు సాగర్ కుడి కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లోకి వచ్చి, అక్కడి నుంచి కుళాయిలకు వెళ్తాయి. కాలువకు నీళ్లు తగ్గితే కుళాయికి రోజుల తరబడి ఎదురుచూపే. ఒంగోలులో పెరిగిన మాకు డ్రమ్ములు పట్టుకోవడం చిన్నప్పటి నుంచే అలవాటు, కానీ అలవాటు లేని ఇల్లాలికి అది ఒక ఉద్యోగం. ఇంటికి సంప్ (నేలలో కట్టిన నీళ్ల తొట్టి) ఉందా, దాంట్లో ఎన్ని లీటర్లు పడతాయి, ఎన్ని పోర్షన్ల వాళ్లు వాడతారు అన్నది చూడండి. నెల్లూరుకు పెన్నా ఆధారం. పైన సోమశిల ఉన్నందువల్ల నీటి విషయంలో నెల్లూరు పైచేయి, అది ఒప్పుకోవాలి.

బోరు నీళ్లు తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఉప్పగా ఉంటాయి. రొయ్యల చెరువులు ఉన్న చోట మరీనూ. ఒక సీసాలో పట్టి ఇంటికి తీసుకెళ్లి టీ పెట్టుకు చూడండి, పాలు విరిగితే విషయం అర్థమైపోతుంది. బాత్రూమ్ కుళాయిల మీద తెల్లటి పొర కట్టి ఉందేమో చూడండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే, చేతిలో పట్టే టీడీఎస్ మీటర్ కొంటే ఇంకా మంచిది. తాగే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిదని మన బీఐఎస్ ప్రమాణం, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది.

అయితే ఆ మీటర్ ఫ్లోరైడ్‌ను చూపించదు. మీరు తీరం నుంచి లోపలికి, కనిగిరి, పొదిలి, దర్శి వైపు వెళ్లాలనుకుంటే ఇది చాలా ముఖ్యం. నీళ్లు తియ్యగా ఉన్నా ఫ్లోరైడ్ ఉండవచ్చు. 1.5 మిల్లీగ్రాములు దాటితే చిన్నపిల్లల పళ్లు, పెద్దవాళ్ల ఎముకలు దెబ్బతింటాయి. ల్యాబులో పరీక్ష చేయించాకే ఆ బోరు నీళ్లు తాగాలి. ఆ వీధిలో పుట్టి పెరిగిన పిల్లల పళ్ల మీద గార చారలు ఉన్నాయేమో గమనించండి. మొహమాటమైన పనే, కానీ ల్యాబు రిపోర్టు కంటే ముందు తెలుస్తుంది.

పిల్లలు 8వ తరగతి దాటారా? అయితే ఆగి లెక్క చూడండి

ఇది చాలామందికి తెలియదు, తెలిసేసరికి సీట్ల కౌన్సెలింగ్ వచ్చేస్తుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు వెళ్తాయి. ఆ లోకల్ అనేది జిల్లా కాదు, యూనివర్సిటీ ఏరియా. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉంది, నెల్లూరు శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాలో. గుడ్లూరు దాటితే కావలి అన్నంత దగ్గరగా కనిపించినా, సీటు లెక్కలో మధ్య గోడ ఉంది.

నిబంధన ఇలా పనిచేస్తుంది. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా 4 ఏళ్లు, అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆ నాలుగూ ఒకే చోట కుదరకపోతే 6 నుంచి ఇంటర్ దాకా 7 ఏళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ. మా పెద్దాడు 8 అయ్యాక మారి, మిగతాదంతా నెల్లూరులోనే చదివితే ఎస్వీయూ లోకల్ అవుతాడు. 9 కూడా ఒంగోలులో చదివి మారితే 4 ఏళ్లు అటు, 3 ఏళ్లు ఇటు, కాబట్టి ఏయూ లోకల్‌గానే ఉంటాడు. ఒక్క ఏడాది తేడాతో వరస మారిపోతుంది. ఎటు లోకల్ అయితే మంచిదన్నది మీరు ఏ కాలేజీ మీద ఆశ పెట్టుకున్నారో దాన్ని బట్టి. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో నిబంధన కూడా ఒకసారి చదువుకోండి.

ఏది ఏమైనా, స్కూలు మారేటప్పుడు టీసీతో పాటు ఏ ఏడాది ఏ తరగతి చదివారో చూపించే స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. 4 నుంచి 10 దాకా సర్టిఫికెట్లు రేపు ఉద్యోగాల నోటిఫికేషన్లకూ అడుగుతారు. పదేళ్ల తర్వాత మూతపడిన ప్రైవేటు స్కూలు కరస్పాండెంటును వెతుక్కుంటూ తిరిగినవాళ్లను చూశాను.

డబ్బు లెక్క

జీతం 8,000 పెరిగిందనుకుందాం. అద్దె 3,000 ఎక్కువ. మంచినీళ్ల క్యాన్లు 500. స్కూలు బస్సు 1,500. సొంతూరికి నెలకోసారి నలుగురూ వెళ్లి రావడానికి 2,000. మిగిలింది వెయ్యి. ఇవి ఊరికే వేసిన అంకెలు, మీవి మీరు వేసుకోండి. సొంతూరికి వెళ్లి వచ్చే ఖర్చు మాత్రం మర్చిపోవద్దు. అది అందరూ మర్చిపోయేదే. అక్కడ పెళ్లి, పెద్దకర్మ, నోము అన్నీ ఆగవు కదా.

ఒక ఖర్చు ఎవరూ చెప్పరు, ఉప్పు గాలి. సముద్రానికి నాలుగైదు కిలోమీటర్లలో ఇల్లు తీసుకుంటే బీరువా కీళ్లు, సైకిల్ గొలుసు, ఏసీ బయటి యూనిట్, గ్రిల్సు అన్నీ తుప్పు పడతాయి. మైపాడు వైపు ఉన్న మా స్నేహితుడు రెండేళ్లకే ఫ్రిజ్ కాళ్లు మార్పించాడు.

పెద్దవాళ్లను ఎప్పుడు అడగాలి

అన్నీ ఖాయం చేసుకున్నాక కాదు. మా అమ్మను చివర్లో అడిగాం, "మీ ఇష్టం నాయనా" అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, అయినా తెలియనట్టు ఉన్నాను. ఆమెకు కావాల్సింది పెద్దగా ఏమీ కాదు: నడిచి వెళ్లేంత దూరంలో గుడి, సాయంత్రం అరుగు మీద మాట్లాడటానికి ఒకరిద్దరు. ఇప్పటి వీధి ఎంచుకునేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లాం. ఇల్లు చూడకుండా ఎదురింటివాళ్ల అరుగు చూసింది. యాస గురించి మొదట్లో నవ్వుకునేది, "వస్తుండా, పోతుండా ఏందిరా" అని. ఇప్పుడు ఫోనులో మా పిన్నితో తనూ "చేస్తుండా" అంటోంది.

పెద్దవాళ్లకు బీపీ, షుగర్, గుండె జబ్బు ఏదైనా ఉంటే అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి వెళ్తారో, ఎన్ని నిమిషాల్లో చేరతారో ముందే చూసుకోండి. రెండు ఊళ్లలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటుదైతే వైద్య సేవ కార్డు తీసుకుంటారో లేదో, ఆ జబ్బుకే తీసుకుంటారో లేదో కౌంటర్లో అడగండి.

స్థలం కొనడం ఇప్పుడే వద్దు

ఏడాది అద్దెకు ఉండి చూడండి. రామాయపట్నంలో పోర్టు పనులకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి కావలి, గుడ్లూరు, ఉలవపాడు చుట్టూ ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా లేఅవుట్ కాగితం చేతిలో పెడతారు. పోర్టు రాదని నేను అనడం లేదు. కానీ ప్లాటు మీద ఆశతో ఊరు మారడం వేరు, ఊరు నచ్చి ప్లాటు కొనడం వేరు. సముద్రం కనిపించే స్థలమైతే అలల గరిష్ఠ గీత నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు ఉంటాయి, ఇల్లు కట్టుకోనివ్వకపోవచ్చు. ఈసీ (స్థలం మీద పాత లావాదేవీలు చూపే పత్రం), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా), లేఅవుట్ అనుమతి మూడూ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

నిర్ణయం ఎలా తీసుకోవాలి

భార్యాభర్తలు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, "ఇది ఉంటే నేను ఉండలేను" అనేవి మూడు రాయండి. అమ్మానాన్నలు ఉంటే వాళ్లకూ ఒక కాగితం. మంచివి, చెడ్డవి పక్కపక్కన రాసి కలిపే లెక్కలు నాకు ఎప్పుడూ తేలలేదు. పది మంచి విషయాలు కూడా రోజూ కుళాయి దగ్గర ఎదురుచూసే బాధను తీర్చలేవు. రాసిన వాటిలో ఏ ఒక్కటి అయినా కొత్త ఊళ్లో ఉండి, దాన్ని వీధి మార్చుకుని తప్పించుకోలేకపోతే ఆగిపోండి. వీధి మారితే పోయేదైతే ఊరు మంచిదే, ఇల్లు ఇంకా వెతకండి.

వెళ్లాలని తేలాక

ముహూర్తం దగ్గర తగువులు వస్తాయి. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు, ఆషాఢంలో ఇల్లు మారకూడదంటారు. చాలా ఏళ్లలో ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. జ్యేష్ఠంలోనే మంచిరోజు చూసి పాలు పొంగించేసి, గిన్నె, చాప అక్కడ పెట్టి రండి. సామాన్లు తర్వాత తీసుకెళ్లినా ఎవరూ ఏమీ అనరు.

ఓటు మార్చడానికి ఫారం 8. గ్యాస్ వేరే ఏజెన్సీకి మారాలంటే పాత ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ ఇచ్చి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోవాలి. కరెంటు బిల్లు యాప్ కూడా మారుతుంది. ప్రకాశం సీపీడీసీఎల్ కిందికి, నెల్లూరు ఎస్పీడీసీఎల్ కిందికి వస్తాయి. పాత ఇంటి మీటరు రీడింగ్ ఖాళీ చేసిన రోజే ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. రేషన్ రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు. పెద్దవాళ్ల పింఛను మాత్రం సచివాలయంలో అర్జీ పెట్టి మార్పించుకోవాలి, అది మారేదాకా ఒకటో తారీఖున పాత ఊరికి వెళ్లాల్సిందే. ఆధార్ చిరునామా ముందు మార్చుకుంటే మిగతావి కాస్త తేలిక.

లారీలో అన్నిటికంటే చివర ఎక్కించాల్సిన సంచి ఒకటి ఉంటుంది, ఎందుకంటే అదే ముందు దిగాలి. అందులో దోమతెర, దాన్ని కట్టడానికి నాలుగు మేకులు, సుత్తి, తాడు, అమ్మ మందులు, పాలు కాచుకునే గిన్నె, ఒక పాల ప్యాకెట్. క్యాను నీళ్లవాడి నంబరు ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే తీసుకుని పెట్టుకోండి. మొదటి రాత్రి పది గంటలకు ఎవరిని అడగాలో తెలియదు.